మిట్టమధ్యాహ్నపు బోర్డాయన

బోర్డాయన పోయారని నాకు పదకొండో రోజు కూడా దాటాక తెలిసింది. బ్రాడీపేటలో ఒకప్పుడు కంప్యూటర్ల షాపు నడిపినాయన ఏదో సర్టిఫికెట్ సంగతి అడగటానికి ఫోను చేసి, మాటల మధ్యలో, "మన బోర్డాయన పోయాడమ్మా, తెలిసిందా?" అన్నాడు. కొన్నేళ్ళుగా మార్టూరులో, గ్రానైటు పలకలకు పాలిష్ పట్టే యూనిట్లో కరెంటు ప్యానెళ్ళు చూసుకుంటున్నాడట. గుండెపోటట. అంతకుమించి ఆయనకీ తెలియదు. ఫోను పెట్టేశాక చాలాసేపు నాకు పని మీదికి మనసు పోలేదు.

ఆయన అసలు పేరు నాకు తెలుసు. ఆ పేరుతో ఎవరైనా పిలవగా మాత్రం వినలేదు. వాళ్ళావిడే షాపుకి ఫోను చేసి, "బోర్డాయన్ని ఒకసారి పిలుస్తారా?" అని అడిగేది.

తొంభైల చివర్లో నేను గుంటూరులో డీటీపీ సెంటరు పెట్టాను. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు. కింద కంప్యూటర్ల షాపు, మధ్య అంతస్తులో నేను, పైన డాబా మీద ఒక రేకుల గది. ఆ రేకుల గది బోర్డాయనది. కింద షాపులో ఆయన కంప్యూటర్లు బిగించే మనిషి. పైన మాత్రం వేరే మనిషి. మద్రాసు నుంచో హైదరాబాదు నుంచో కొత్త రకం మదర్‌బోర్డు వచ్చిందంటే, దాన్ని అక్కడికి తీసుకుపోయి నాలుగైదు రోజులు పరీక్ష పెట్టి, ఆయన సరేననేదాకా షాపులో అమ్మటానికి వీల్లేదు. మదర్‌బోర్డంటే కంప్యూటరు పెట్టె లోపల బిగించే పచ్చటి పలక. మిగతావన్నీ దానిమీదే గుచ్చుకుని బతుకుతాయి. పలక మంచిదైతే పెట్టె మంచిదని ఆయన లెక్క.

ఆ పరీక్ష ఎప్పుడు పెట్టేవాడనుకున్నారు? మిట్టమధ్యాహ్నం. అదీ ఎండాకాలమైతే మరీ ఇష్టం. పన్నెండున్నరకి అట్టపెట్టె చంకలో పెట్టుకుని నా గుమ్మం ముందునుంచి మెట్లెక్కేవాడు. రేకుల గది కిటికీ మూసేవాడు, ఫ్యాను కట్టేసేవాడు. మే నెలలో ఆ గదిలోకి ఒకసారి తొంగిచూసి, వెంటనే వెనక్కొచ్చేశాను. తడి తువ్వాలు మెడచుట్టూ వేసుకుని ఆయన మాత్రం తెర ముందు కూర్చుని ఉన్నాడు.

"ఇదేం శిక్ష అన్నయ్య గారూ, సాయంత్రం చేసుకోకూడదా?" అన్నాను.

"కంపెనీవాళ్ళు చల్లటి గదిలో చూసి పంపిస్తారమ్మా. మనోళ్ళు చల్లటి గదిలో వాడతారా? ఈ గదిలో నిలబడిందంటే జిల్లాలో యాడైనా నిలబడిద్ది."

పద్ధతులు చాలా ఉండేవి ఆయనకి. పెట్టె విప్పగానే బోర్డు చూడడు, దానితో వచ్చిన పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదువుతాడు. తర్వాత బోర్డుని తిప్పి వెనకవైపు చూస్తాడు. "ముందువైపు అందరూ ముస్తాబు చేస్తారు. టంకం ఎట్టా వేశారో వెనక తెలిసిద్ది," అనేవాడు. పని మొదలెట్టాక పావుగంటకోసారి ఎడమచేతి వేళ్ళ వెనకవైపుతో వేడి చూసేవాడు, జ్వరమొచ్చినవాళ్ళ నుదురు చూసినట్టు. పరీక్ష రోజుల్లో అన్నం చెంచాతో తినేవాడు. కారం తిన్న చెయ్యి ఎంత కడిగినా కారమేనని, ఆ చేత్తో బోర్డు ముట్టుకోకూడదని. గోంగూర పచ్చడన్నాన్ని చెంచాతో తినే మనిషిని గుంటూరులో నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. షాపులో కుర్రకారు నవ్వేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఇక అసలు పరీక్ష. బోర్డుకి కంపెనీవాళ్ళు పెట్టిన వేగం ఒకటుంటుంది. మొదటిరోజు ఆ వేగంలోనే నడిపిస్తాడు. రెండోరోజునుంచి ఒక్కో మెట్టు పెంచుతూ పోతాడు. ఎక్కడో ఒకచోట తెర బిగుసుకుపోతుంది. అది నోట్‌బుక్కులో రాసుకుంటాడు, బోర్డు పేరు, ఆ రోజు ఎండ, ఎన్ని గంటలు నిలబడింది, ఎక్కడ పడింది. "పడేదాకా పరిగెత్తించాలమ్మా. పడ్డచోట తెలిస్తే, దానికి రెండడుగులు వెనక పెట్టి వాడుకోవచ్చు. పడ్డచోటు తెలియకుండా మంచి బోర్డని ఎట్టా చెప్తాం?"

మంచి బోర్డేదని ఎవరన్నా అడిగితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "దేనికండి?" చిలకలూరిపేటనుంచి ఒక స్పిన్నింగు మిల్లు మేనేజరు వచ్చి, డబ్బు ఎంతైనా ఫర్వాలేదు, అన్నిటికంటే వేగమైన బోర్డు కావాలన్నాడు.

"ఎక్కడ పెడతారండి?"

"ఆఫీసులోనయ్యా."

"ఆఫీసులోకి దూది ఎగిరి పడిద్దా?"

"మిల్లు కదయ్యా, పడకేం చేసిద్ది?"

"అయితే వేగమైనది మీకొద్దండి. దానిమీద బుల్లి ఫ్యానుంది. దూది చుట్టుకుని మూణ్ణెల్లకి ఆగిపోయిద్ది. ఈ రెండోది చూడండి. ఫ్యాను లేదు, అల్యూమినియం రెక్కలే. వేగం కాస్త తక్కువ. ఎప్పుడన్నా బ్రష్షుతో దులుపుకుంటే చాలు."

షాపాయన తల పట్టుకున్నాడు. మేనేజరు మాత్రం తర్వాత మిల్లుకి కావలసినవన్నీ ఆ షాపులోనే తీసుకున్నాడు.

అలాంటి మనిషి వల్ల నాకొక పెద్ద నష్టం జరిగింది. చెప్పదలచుకున్నది అదే.

ఆ రోజుల్లో నా దగ్గరికి ఒక రిటైరైన తెలుగు మాస్టారు వచ్చేవారు. ప్రత్తిపాడు వైపు పల్లెటూళ్ళలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినాయన. పాఠాలతోపాటు ఆయన చేసిన పని, రైతుల నోట్లో మాటలు ఏరుకోవడం. మిరప, పత్తి, పొగాకు, వరి పండించేవాళ్ళు పనిముట్లకి, తెగుళ్ళకి, నేలలకి, కాయ రకాలకి వాడే మాటలు. పాత పరీక్షల జవాబుపత్రాల వెనకవైపు రాసి పెట్టుకున్నారు, పెద్ద కట్ట. దాన్ని పుస్తకం చెయ్యాలి. తొందర కూడా ఉంది. ఆయనకి నీటికాసులు. ఎడమకన్ను అప్పటికే పోయింది. కుడికన్ను ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారట డాక్టరు. "చివరి ప్రూఫు నా కంటితో నేను చూసుకోవాలమ్మాయ్. ఒకరు చదివి వినిపిస్తే నా కడుపు నిండదు," అనేవారు. వారానికి రెండుసార్లు బస్సులో వచ్చి, భూతద్దం పెట్టుకుని నా పక్కన కూర్చుని దిద్దేవారు.

నా కంప్యూటరు ఆ పేజీలు తెరవడానికి బాగా ఆలస్యం చేసేది. ఒకరోజు మెట్లెక్కుతూ బోర్డాయన గుమ్మంలో ఆగి చూశాడు.

"మీ బోర్డుకి ఇంకా దమ్ముందమ్మా. ఈ రకం నేను పైన చూశాను. అరవై ఆరు వేగంలో నడుస్తోంది, ఎనభై మూడు దాకా లాగిద్ది."

"పాడవదు కదా?"

"మూడు మధ్యాహ్నాలు నడిపించాను. ఒక్కసారి కూడా ఆగలేదు. నా పూచీ."

పెట్టె విప్పి, బోర్డు మీద గోరంత ప్లాస్టిక్కు టోపీని ఒక పిన్ను మీదనుంచి తీసి ఇంకో పిన్నుకి తొడిగాడు. అంతే. పేజీలు గబగబా తెరుచుకున్నాయి. సంతోషంతో ఆ రోజు ఆయనకి కాఫీ తెప్పించాను. మాస్టారు కూడా, "అరక దున్నేవాడికి ట్రాక్టరిచ్చినట్టుందమ్మాయ్," అన్నారు.

మూడువారాలకి మాస్టారు ఒక ప్రూఫు కాగితం నా ముందు పెట్టారు. "ఇక్కడ గుంటక అనిచ్చాను. ఇదేంది, పిచ్చిగీతలున్నాయి?" నేను టైపులో తప్పు కొట్టానేమోనని దిద్దాను. మర్నాడు ఇంకో చోట. ఆ మర్నాడు ఒక ఫైలు తెరుచుకోనే లేదు. కంగారుగా అన్నీ తెరిచి చూశాను. ఆ మూడువారాల్లో దిద్ది, దాచిన రెండువందల పేజీల్లో కొన్ని తెరుచుకోలేదు. తెరుచుకున్నవాటిలో ఎక్కడ పడితే అక్కడ అక్షరాలు మారిపోయి ఉన్నాయి. ఏ మాట నిజమో ఏది కాదో తెలియదు. ఫ్లాపీల్లో దాచిన నకళ్ళూ అంతే. పాత ఫ్లాపీల మీదే కొత్తవి ఎక్కించాను మరి.

అందరూ వైరస్సన్నారు. షాపువాళ్ళు వైరస్ పట్టే ఫ్లాపీ పెట్టి వెతికారు, ఏమీ దొరకలేదు. కొత్తరకం వైరస్సేమో అన్నారు. నాకు ఏడుపొచ్చింది. మాస్టారే నన్ను ఓదార్చారు. "వైరస్సంటే మా మిరపచేలో బొబ్బర తెగులు లాంటిదన్నమాట. పీకేసి మళ్ళీ నాటుకోవాలి. ఏం చేస్తాం," అన్నారు. ఆ తర్వాత భూతద్దం కిందపెట్టి, కన్ను మూసుకుని కూర్చున్నారు.

ఆ రెండురోజులూ బోర్డాయన నాకు కనబడలేదు. పైన రేకుల గదిలో ఉన్నాడని తర్వాత తెలిసింది. మూడోరోజు మధ్యాహ్నం, మాస్టారు మళ్ళీ వచ్చి ఉండగా, కిందికొచ్చాడు. చొక్కా మొత్తం తడిసి ఒంటికి అంటుకుంది. చేతిలో నోట్‌బుక్కు.

"వైరస్ కాదమ్మా. నేనే," అన్నాడు.

నాకర్థం కాలేదు. ఆయన మాస్టారి వైపు కూడా తిరిగి చెప్పాడు. "ఆ రకం బోర్డు ఇంకోటి పెట్టి చూశానండి. ఎనభై మూడులో పెడితే హార్డ్ డిస్కుకి పోయే దారి కూడా వేగం పెరిగిపోతోంది. బోర్డు ఆగదు, తెర బిగుసుకోదు. నడుస్తూనే ఉంటది. రాసేటప్పుడు అక్కడక్కడా తప్పు రాసుద్ది. ఒక పెద్ద ఫైలుని అటూ ఇటూ వందసార్లు కాపీ చేసి పోల్చి చూస్తే దొరికింది. ఆగుతుందా లేదా అనే చూశాను గానీ, తప్పు రాస్తుందా అని నేను ఎప్పుడూ చూడలేదండి."

ఆయన గొంతు విని కిందనుంచి షాపాయన మెట్లెక్కి వచ్చాడు. "ఏవయ్యా, ఊరికే నెత్తికెత్తుకుంటావు? అందరూ వైరస్సనే అంటన్నారుగా. అదే అనుకోనియ్."

"వైరస్సని వదిలేస్తే మళ్ళీ అదే వేగంలో వాడతారండి. మళ్ళీ పోతాయి."

నాకు చెప్పలేనంత కోపమొచ్చింది. "మీ పూచీ అన్నారు," అన్నాను. గొంతు పెద్దదే అయింది. ఆయన నా పెట్టె విప్పి, ఆ ప్లాస్టిక్కు టోపీని తీసి పాతచోట తొడిగాడు. మళ్ళీ వచ్చి అలాగే నిలబడ్డాడు.

మాస్టారు అడిగారు. "నీదేవూరు నాయనా?"

"మార్టూరు దగ్గరండి."

"ఏం పండిస్తారు?"

"మిరపేనండి. కొంచెం పత్తి. నాన్న ఉన్నప్పుడు."

"తెలుగు చదువుతావా?"

"పదో తరగతి దాకా తెలుగు మీడియమేనండి."

"అయితే కూర్చో. ఈ అమ్మాయి ఒక్కతే రెండువందల పేజీలు మళ్ళీ కొట్టేసరికి నా కన్ను ఆగదు."

అలా బోర్డాయన నా సెంటర్లో టైపు చెయ్యడానికి కూర్చున్నాడు. రేకుల గదికి వెళ్ళే మధ్యాహ్నాలన్నీ కట్టేసి, పన్నెండున్నరకి వచ్చి నాలుగింటిదాకా కొట్టేవాడు. షాపాయన సణిగాడు గానీ ఆపలేకపోయాడు. తెలుగు కీబోర్డు ఆయనకి రాదు. ఏ కీ నొక్కితే ఏ అక్షరం వస్తుందో ఒక అట్టముక్క మీద రాసుకుని, రెండు వేళ్ళతో కొట్టేవాడు. మొదటిరోజు ఒకటిన్నర పేజీ. ఆ వారమంతా నేనాయనతో మాట్లాడలేదు. కాఫీ తెప్పించినా రెండే తెప్పించేదాన్ని, మాస్టారికి, నాకు. ఆయన గమనించనట్టే ఉండేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంగతే నాకు సిగ్గుగా ఉంటుంది.

మాట కలిపింది మాస్టారి పుస్తకమే. తన రాత తనకే కనబడక మాస్టారు గుర్తున్నది చెబుతుంటే, ఈయన కాగితం చూసి సరిచూసేవాడు. ఒకరోజు కొట్టడం ఆపి, "తాలు లేదేంటండి ఇందులో?" అన్నాడు.

"వడ్లలో తాలుందిగా, ఇచ్చాను."

"వడ్లలో తాలు కాదండి. మిరపలో తాలు. కళ్ళంలో ఎండబెట్టేటప్పుడు రంగుపోయి తెల్లగా అయిపోయిద్దే, అది. తాలుకాయ వేరే కుప్ప పోస్తారు. మిర్చి యార్డులో దాని బేరమే వేరు."

మాస్టారు నుదురు కొట్టుకున్నారు. "రోజూ వినే మాటే, రాయడం మరిచాను చూశావా? కొట్టు, కొట్టు." అక్కణ్ణుంచి బోర్డాయన ఊరి మాటలు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. కొన్ని మాస్టారు విననివి కూడా. ఒక మాట గురించి ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు, గొంతులు పెంచి. ఆ మర్నాడు నేను మూడు కాఫీలు తెప్పించాను.

రెండునెలలు పట్టింది. ఆ రెండునెలల్లో కొత్త బోర్డులు షాపులో పరీక్ష లేకుండానే అమ్ముడుపోయాయి. పుస్తకం అయ్యాక ఆయన మళ్ళీ రేకుల గదికి వెళ్ళాడు గానీ పరీక్ష మారిపోయింది. వేగం పెంచినప్పుడల్లా ఒక పెద్ద లెక్క చేయించేవాడు, లక్షల అంకెల జవాబు వచ్చే లెక్క. ఆ జవాబుని సరైన జవాబుతో అంకె అంకె పోల్చేవాడు. ఫైళ్ళు వందసార్లు కాపీ చేయించేవాడు. తెర బిగుసుకోకపోయినా, ఒక్క అంకె తేడా వస్తే ఆ వేగం కొట్టేసేవాడు. "ఇన్ని అంకెలు ఎవరిక్కావాలి అన్నయ్య గారూ?" అనడిగాను. "ఎవరికీ అక్కర్లేదమ్మా. ఆగిపోయే బోర్డుతో భయం లేదు, ఆగిందని తెలిసిద్ది. ఆగకుండా తప్పు చేసేదాన్ని పట్టుకోవాలి," అన్నాడు. అంతకుముందు ఎనభై మూడు ఎక్కించి ఇచ్చిన కంప్యూటర్లు ఇంకో ఆరో ఏడో ఉంటే, వాళ్ళ ఇళ్ళకీ ఆఫీసులకీ పోయి అన్నీ వెనక్కి మార్చి వచ్చాడు. ఒకాయన, నా స్పీడు తగ్గిస్తావా అని తిట్టి పంపాడట.

మాస్టారు చివరి ప్రూఫు తన కంటితోనే చూశారు. భూతద్దం కాగితానికి ఆనించి, ఒక్కో వరుసకి అయిదు నిమిషాలు. అన్నీ చూడగలిగారని చెప్పలేను. చూశాననే అన్నారు. నేనూ ఒకసారి చదివాను.

అయిదువందల ప్రతులు అచ్చయి కట్టలు కట్టి నా సెంటరుకి వచ్చాయి. మాస్టారు మొదటి ప్రతిని అక్కడే ఉన్న తన పాత శిష్యుడికి ఇచ్చేశారు. ఆయన ఒక మిరప రైతు, చాలా మాటలు అందించినాయన. యార్డుకి మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, తెచ్చి, మాస్టార్ని చూసి పోదామని వచ్చాడు. ఆ రైతు వెళ్ళాక బోర్డాయన ఒక ప్రతి తీసుకుని, తనకలవాటైనట్టు మొదటి పేజీనుంచి చదవడం మొదలెట్టాడు. మేం లడ్డూలు తింటున్నాం. కాసేపటికి ఒక పేజీ దగ్గర ఆయన ఆగిపోయాడు.

"మాస్టారూ, తప్పుందండి. నేను కొట్టిందే."

తాలుకాయ దగ్గర. ‘విత్తనానికి పనికిరానిది’ అని ఉండాలి. కింది వరుసలోని ముక్క ఎట్లా వచ్చి చేరిందో, ‘విత్తనానికి పనికివచ్చేది’ అని పడింది. నా కన్నూ దాటిపోయింది, మాస్టారి కన్నూ దాటిపోయింది.

"పోనీలే నాయనా, తప్పొప్పుల చీటీ ఒకటి పెడదాం," అన్నారు మాస్టారు.

"చీటీ పడిపోయిద్దండి. పుస్తకం మిగిలిద్ది. ఎవరన్నా చదివి తాలుకాయ గింజలు నారు పోసుకుంటే?"

"రైతుకి తెలియదుటయ్యా? ఎవరూ చూడరు."

"నేను చూశానుగదండి."

సన్నటి నల్లసిరా పెన్ను ఒకటి కొనుక్కొచ్చాడు. చిత్తుకాగితాల మీద ‘పనికిరానిది’ అన్న మాట అచ్చక్షరం లాగా వచ్చేదాకా రాసి చూసుకున్నాడు. తర్వాత మూడు మధ్యాహ్నాలు కూర్చుని, ఒక్కో పుస్తకమే విప్పి, ఒక్కో తప్పే కొట్టేసి, పైన రాశాడు. సిరా ఆరేదాకా పేజీ మూయనిచ్చేవాడు కాదు. నా బల్లలన్నీ తెరిచిన పుస్తకాలే. నాలుగువందల తొంభై తొమ్మిది అయ్యాక, "ఇంకోటుంది," అన్నాడు. ఆ రైతుకిచ్చింది.

ఆదివారం బస్సెక్కి ప్రత్తిపాడు వెళ్ళి, అక్కడినుంచి ఆటోలో ఆ ఊరికి పోయాడు. సోమవారం మధ్యాహ్నం నా గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. ఆయన అట్లా పళ్ళు కనబడేట్టు నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"దిద్దారా అన్నయ్య గారూ?"

"దిద్దేసే ఉందమ్మా. మనం చీటీ గురించి మాట్లాడుకుంటన్నప్పుడే, ఆయన బస్సులో కూర్చుని బాల్ పెన్నుతో కొట్టేసి, పక్కన రాసుకున్నాడంట. ఏమన్నాడో తెలుసా? ‘చదవగానే అనుకున్నానండి, ఈ టైపు కొట్టినవాడెవడో మిరపచేను మొహం చూసి ఉండడని.’"

"నేనే కొట్టానని చెప్పలేదా?"

"అదెట్టా చెప్పకుండా వస్తానమ్మా, పోయిందే అందుకాయె. నేనేనండి అన్నాను. మంచమేసి మజ్జిగిచ్చాడు." గొంతు తగ్గించి అన్నాడు. "మాది కూడా మిరపచేనేనని మాత్రం చెప్పలేదు. నాన్న పరువు పోయిద్దని."